దరువు మాస్టారి మడమ

నా పరుపుల కొట్టు మీది గదిలో ఎవరు ఏ మూల నిలబడ్డారో కింద కూర్చునే చెప్పగలిగేవాణ్ణి. ఇదేమీ గొప్ప విద్య కాదు. పైన దరువు మాస్టారి ఇంగ్లీషు ట్యుటోరియల్ ఉండేది, మధ్యలో కప్పు పలచన. పొద్దున్నే షట్టరు ఎత్తి, పరుపుల మీద దుమ్ము దులిపి, టీ గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి నెత్తిమీద మొదలయ్యేది: టిక్, టిక్, ధన్, టిక్. గదినిండా కూర్చున్న పిల్లల మడమలు ఒక్కసారి నేలకి తగిలితే కప్పులోంచి సున్నం రాలి, అప్పుడే దులిపిన పరుపుల మీద పడేది.

దరువు మాస్టారని పేరు పెట్టింది నేనే. ఒళ్లు మండి పెట్టాను. ఆయనకది తెగ నచ్చేసి బోర్డు మీద కూడా రాయించుకున్నారు. ఇక నేనేం చేసేది?

ఆ దరువేమిటో చెప్పకపోతే మిగతా కథ మీకు అర్థం కాదు. ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో! మధ్యాహ్నం క్లాసు లేనప్పుడు కిందికి దిగి, అమ్మకానికి పెట్టిన పరుపు మీద దర్జాగా కూర్చుని మొదలుపెట్టేవారు.

"మన మాటల్లో అక్షరాలు అన్నదమ్ముల్లా సమానంగా పంచుకుంటాయయ్యా. ఇంగ్లీషు మాట అలా కాదు. ఒక్కడు పెత్తనం చేస్తాడు, మిగతావాళ్లు నోరు మూసుకుని సర్దుకుపోతారు. మనకి ఇంటిపేరు ముందొస్తే వాటికి చివరొస్తుంది. ఇప్పుడీ 'షన్' ఇంటిపేరు వాళ్లున్నారు చూడు, ఇన్ఫర్మేషన్, ఆపరేషన్, ఎగ్జామినేషన్. కుటుంబం ఎంత పెద్దదైనా సరే, పెత్తందారు షన్‌కి సరిగ్గా ముందు కూర్చుంటాడు. వాణ్ణి పట్టుకున్నావా, మాట మొత్తం నీ చేతిలో ఉన్నట్టే."

"మా ఇంట్లో పెత్తందారు ఎక్కడ కూర్చున్నా తెలిసిపోతుంది లెండి మాస్టారూ."

"ఈ మాట మీ ఆవిడ ముందు అను చూద్దాం," అనేవారు.

ఆయన పద్ధతి ఇదీ. ముందు మాటని ముక్కలు చేయించేవారు: ఎగ్, జా, మి, నే, షన్. తేలిక ముక్కలకి కాలి వేళ్లు మాత్రం నేలకి తాకించాలి. పెత్తందారుకి, అంటే 'నే' దగ్గర, మడమ గట్టిగా దించాలి. చివరి షన్‌కి మళ్లీ వేళ్లు. నోరూ కాలూ కలిసి నడవాలి. ఎలెక్ట్రిసిటీ లాంటి 'సిటీ' బాపతు మాటలకి వేరే రోజు, వేరే పాఠం. వాటిలో మడమ 'ట్రి' మీద పడాలి. కుర్రతనంలో ఆయన రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేశారట. సెట్టు బాగైందో లేదో చూడ్డానికి ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని, వింటూ వింటూ స్క్రూడ్రైవరుతో బల్ల మీద కొట్టేవారట. షన్ వచ్చే ప్రతి మాటలోనూ స్క్రూడ్రైవరు ఒకే చోట బరువుగా పడుతోందని ఒకనాడు గమనించారు. ఆ గమనించడమే ఆయన జీవితాన్ని రేడియోల కొట్టులోంచి పై గదిలోకి తెచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, "ఈ చప్పుడు నువ్వే భరించలేకపోతున్నావ్," అనేవారు.

నిజానికి ఆ చప్పుడు వల్ల బాగుపడిన పిల్లలు చాలామందే ఉన్నారు. నా కళ్లతో చూశాను. నేను చెప్పబోయేది బాగుపడని ఒక్క పిల్ల గురించి.

ఆ పిల్ల మాస్టారి అక్క కూతురు. ఇంట్లో అమ్మలు అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చురుకైన పిల్ల, డిగ్రీ మంచి మార్కులతో పూర్తిచేసింది, కానీ నత్తి. మామూలు నత్తి కాదు. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసి, మెడ నరాలు తేలి, కళ్లలో నీళ్లు తిరిగేవి. అందుకని బయట నోరు విప్పడమే మానేసింది. కొట్టుకెళితే కావాల్సింది వేలితో చూపించేది. వాళ్లమ్మ తోడుంటే ఇబ్బంది లేదు. ఆవిడ కూతురి వాటా కూడా కలిపి మాట్లాడేది. "దానికీ నాకూ కలిపి దేవుడు ఒక్క నోరే ఇచ్చాడు తమ్ముడూ," అనేది నాతో. నవ్వుతూనే అనేది, కానీ పక్కనే నిలబడ్డ అమ్మలు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

రోజూ మధ్యాహ్నం మేనమామకి క్యారియర్ తెచ్చి, ఆయన క్లాసు ముగించేదాకా వెనక బెంచీలో కూర్చునేది. ఒకరోజు సున్నం మరీ ఎక్కువ రాలింది. ఇవాళ తాడో పేడో తేల్చుకుందామని మెట్లెక్కాను. మాస్టారు నా వైపు చూడలేదు. క్లాసంతా ఎగ్జామినేషన్ మీద ఉంది. గుమ్మంలో నిలబడ్డ నాకు వెనక బెంచీ దగ్గరగా కనిపిస్తోంది. అమ్మలు కాలు కదులుతోంది. వేళ్లు, వేళ్లు, వేళ్లు, మడమ. క్లాసు ఆగిపోయాక కూడా ఆ కాలు ఆగలేదు. ఆ కాలితో పాటు ఒక గొంతు వచ్చింది. సన్నగా, తడబడకుండా, మాట మొత్తం.

"ఎగ్జామినేషన్."

అందరూ వెనక్కి తిరిగారు. మాస్టారి చేతిలో సుద్దముక్క కింద పడింది. నేను పోట్లాటకి వచ్చినవాణ్ణి, చప్పట్లు కొట్టేశాను.

ఆ తర్వాత ఆరేడు నెలలు అమ్మలు మాట్లాడటం నేర్చుకుందనడం కంటే, అప్పటిదాకా దాచుకున్నదంతా బయటపెట్టిందనాలి. తెలుగుకీ అదే దరువు వాడుకుంది. నా కొట్లోకి వచ్చి, కాలు మెల్లగా ఆడిస్తూ, "బాబాయ్, మావయ్య టీకి రమ్మంటున్నారు, మీరొస్తే పక్కవాళ్లకి చక్కెర తక్కువవుతుందని కూడా చెప్పమన్నారు," అనేది. నన్ను ఆటపట్టించడానికి ఆ పిల్లకి నోరొచ్చిందంటే నాకెంత సంబరమో! కాలు ఆడుతోందని ఎవరు పట్టించుకుంటారు? చెప్పుల్లో ఉన్న కాలు, నేల మీద ఉన్న కాలు.

ఆస్పత్రి ఉద్యోగం కబురు తెచ్చింది నేనే. మా ఊళ్లో పెద్ద ఆస్పత్రికి పరుపులూ దిళ్లూ సరఫరా చేసేవాణ్ణి. అక్కడ స్టోర్సులో ఉన్నాయన చెప్పాడు, ఎంక్వయిరీ కౌంటరుకి మనిషి కావాలట, నాలుగు మాటలు ఇంగ్లీషులో చక్కగా చెప్పగలగాలట. అమ్మలుతో అంటే ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "కౌంటరా? అంటే వచ్చినవాళ్లందరూ న... నన్నే అడుగుతారా బాబాయ్?" అంది. అవునంటే, "నాకు అదే కావాలి," అంది. ఇంత స్పష్టంగా ఒక కోరిక కోరడం ఆ పిల్ల జన్మలో అదే మొదలు. చీటీ మీద మాటలన్నీ రాసుకుని కూర్చుంది: రిజిస్ట్రేషన్, కన్సల్టేషన్, ఆపరేషన్, వ్యాక్సినేషన్. "ఆస్పత్రి నిండా మన షన్లే కదే అమ్మలూ," అని మాస్టారు పొంగిపోయారు.

అక్కడితో వదిలేసి ఉంటే ఎంత బాగుండేది.

ఆ నెలలోనే ట్యుటోరియల్లో సర్టిఫికెట్లు ఇచ్చే కార్యక్రమం పెట్టారు. అంతకుముందు మాస్టారి దగ్గర చదివిన ఇద్దర్ని ఉద్యోగంలోకి తీసుకున్న ఒక ఆఫీసరుని పిలిచారు. ఆయన మైకు ముందు బాగానే పొగిడాడు. టీ తాగేటప్పుడు మాత్రం నలుగురిలో నవ్వుతూ అన్నాడు: "మీ స్టూడెంట్లని గుర్తుపట్టడానికి మొహం చూడక్కర్లేదండీ మాస్టారూ. టేబుల్ కింద చూస్తే చాలు!"

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. కానీ ఆ నవ్వు ఆయన గొంతు దిగలేదని నాకు తెలుసు. సాయంత్రం పరుపు మీద కూర్చుని, "నేను పిల్లలకి మాట నేర్పానా, రోగం అంటించానా?" అని అడిగారు. వాడి మొహం, వదిలెయ్యండి అన్నాను. ఆయన వదిలెయ్యలేదు. మంచివాళ్లతో వచ్చిన చిక్కే ఇది. తిట్టు పడితే తట్టుకుంటారు, ఎగతాళి పడితే మాత్రం లోపల పుండు చేసుకుంటారు.

మర్నాటి నుంచి అమ్మలుకి కొత్త శిక్షణ మొదలైంది. ఇంటర్వ్యూలో కాలు కదిలితే తన పరువు గంగలో కలిసినట్టేనని ఆయన తేల్చేశారు. "ఆస్పత్రివాళ్లు కూడా బల్ల కింద చూసి నవ్వుకోవాలా? నా మేనకోడలు తన్నుకుంటూ మాట్లాడిందంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?" అన్నారట. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు పాదాల మీదా చెరో పుస్తకం పెట్టేవారు. కాలు కదిలిందా, పుస్తకం పడుతుంది. మొదట్లో పుస్తకాలు దబ్బు దబ్బున పడటం నాకు కింద వినిపించేది. దాని వెంటే అమ్మలు గొంతు పట్టుకుపోయిన చప్పుడు. పైకెళ్లి ఆ పుస్తకాలు కిటికీలోంచి పారేద్దామన్నంత కోపం వచ్చేది. పరాయి ఇంటి విషయం అని ఊరుకున్నాను.

క్రమంగా పుస్తకాలు పడటం ఆగిపోయింది. మాటలు మాత్రం సాఫీగా వస్తున్నాయి. ఒకరోజు మాస్టారు మెట్లు దిగుతూనే నన్ను కేకేశారు.

"పరుపులూ! సాధించానయ్యా! పుస్తకం కదల్లేదు, మాట ఆగలేదు! నత్తీ పోయింది, దరువూ పోయింది!"

నా కొట్లో ఫోనే ఎత్తి వాళ్లక్కకి చేశారు. "పోయిందక్కా, నత్తి పోయింది," అని చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. అమ్మలు వెనకాల మెట్ల మీద నిలబడి ఉంది. సంతోషంలో ఉన్న మనిషి మొహంలా లేదు ఆ పిల్ల మొహం. ఇంటర్వ్యూ భయం అనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు ఆస్పత్రికి దిళ్లు వేయాల్సి ఉంది. మామనీ మేనకోడల్నీ నా వ్యానులోనే తీసుకెళ్లాను. వరండా చివర గది, తలుపు పై సగం అద్దం. లోపల ఇద్దరు ఆడవాళ్లూ ఒక పెద్దాయనా కూర్చున్నారు. అమ్మలు కుర్చీ దగ్గరికి వెళ్లి, కూర్చోబోతూ ఒకసారి వెనక్కి చూసింది. మాస్టారు అద్దంలోంచి ఆమె పాదాల వైపు వేలు చూపించి, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపారు. ఆమె తల వంచుకుని కూర్చుంది.

వాళ్లు ఏదో కాగితం ఇచ్చారు, చదవమన్నారు. మేమిద్దరం అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నాం. పాదాలు రెండూ నేలకి అతికించినట్టు ఉన్నాయి.

"చూశావా, కదపడం లేదు," అని గుసగుసగా అన్నారు మాస్టారు. నా భుజం మీద తట్టారు కూడా.

అప్పుడు నేను వాళ్ల మొహాలు చూశాను. ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఒకావిడ నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. అమ్మలు భుజాలు పైకి లేచి అలాగే బిగుసుకుపోయాయి. పెద్దాయన ఇంకేదో అడిగాడు. మెడ వెనక నరాలు నాకు ఇవతలికి కనిపిస్తున్నాయి. పాదాలు కదల్లేదు. ఆ పిల్ల నోట్లోంచి ఒక్క ముక్క, రిజిస్ట్రేషన్‌లో 'రి' కూడా బయటికి రాలేదు. కాసేపటికి వాళ్లే మర్యాదగా కాగితం తిరిగి తీసుకున్నారు.

వ్యానులోంచి దింపేటప్పుడు మాస్టారు, "భయపడ్డావ్, అంతే. నత్తి పోయింది కదా, భయం కూడా పోతుంది," అన్నారు. అమ్మలు తలూపి లోపలికి వెళ్లిపోయింది.

ఆయన నిజంగా అదే నమ్మారు. రెండు మూడు రోజులు అదే పాట. "ఇక్కడ గడగడా చెప్పిందయ్యా, నువ్వూ విన్నావు కదా. కాలు కదపకుండా చెప్పింది." నాకు విసుగొచ్చింది.

"కదపకుండా ఏంటి మాస్టారూ? మడమ దెబ్బ నాకు కిందికి వినిపిస్తూనే ఉందిగా రోజూ!"

"అమ్మలు కాళ్ల మీద పుస్తకాలున్నాయి."

"ఏమున్నాయో నాకేం తెలుసు. పుస్తకాలు పడటం మానేశాక కూడా దరువు మాత్రం మానలేదు. ఎప్పటిలాగే టిక్, టిక్, ధన్, టిక్. ఇంకా గట్టిగా కూడా."

ఆయన వాదించబోయి నోరు తెరిచారు. మెల్లగా తల వంచి తన కుడికాలి వంక చూసుకున్నారు. ఆయన నాతో వాదించడానికి సిద్ధమవుతుండగానే ఆ కాలు తన పని తాను చేసుకుపోతోంది. వేళ్లు, వేళ్లు, మడమ. ఎప్పటి అలవాటో, ఆయనకి తెలియనే తెలియదు. పైన పిల్లకి ఎదురుగా కూర్చుని దరువు మాన్పించిన రోజుల్లో, ఆ పిల్ల ఈయన మడమ మీద నడిచింది. ఇంటర్వ్యూ గదిలో ఆ మడమ లేదు.

"ఈ సంగతి దానికి చెప్పకు," అన్నారు. "నా చేత్తో నేనే... వద్దు. చెప్పకు."

చెప్పలేదు. చెప్పమని ఆయన్నే పోరాను. ఆ పిల్ల తనదే లోపమనుకుంటోంది, ఒక్క మాట చెబితే మళ్లీ ధైర్యం వస్తుంది, ఇంకో చోట ప్రయత్నిస్తుంది అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. రేపంటారు, ఎల్లుండంటారు. ఆయనకి పరువు పట్టింపు పోయి సిగ్గు పట్టుకుంది. రెండిట్లో ఏది పెద్ద జబ్బో నేను చెప్పలేను. ఈలోగా అదే ఆస్పత్రిలో దుప్పట్ల గదిలో పని ఉందని తెలిసి అమ్మలు చేరిపోయింది. ఉతికి వచ్చిన దుప్పట్లు మడత పెట్టి వార్డులకి పంపే పని. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మేనమామకి క్యారియర్ తేవడం ఆగిపోయింది. నా కొట్టుకి వస్తే మళ్లీ వేలితో చూపించడం మొదలుపెట్టింది.

మాస్టారు క్లాసులు చాలా ఏళ్లు నడిపారు. పిల్లల్ని మాత్రం ఇక కాళ్లు ఆపమనలేదు. "కొట్టండిరా, నేల పగిలితే పగలనీ," అనేవారు. సున్నం రాలుతుంటే నేను మాట్లాడకుండా దులుపుకునేవాణ్ణి. చివరికి మోకాళ్లు అరిగిపోయి మెట్లు ఎక్కలేక ట్యుటోరియల్ మూసేశారు.

మొన్నామధ్య మోకాళ్లు చూపించుకోడానికి ఆ ఆస్పత్రికే తీసుకెళ్లాను. డాక్టరు పిలిచేలోగా, "దాని దగ్గరికి తీసుకుపో. ఇవాళ చెప్పేస్తాను. చెప్పకుండా పోతే నాకు మనసు ఒప్పదు," అన్నారు. దుప్పట్ల గది కింది అంతస్తులో ఉంది. అమ్మలుకి అప్పుడే చెంపల దగ్గర ఒకటీ అరా తెల్ల వెంట్రుకలు. మమ్మల్ని చూసి, మడతలు పక్కన పెట్టి, మామకి స్టూలు వేసింది.

ఆయన సాగదియ్యలేదు. తల ఎత్తకుండా చెప్పేశారు. అప్పుడు నత్తి పోలేదనీ, దరువు కొట్టింది తన కాలేననీ, తనకే తెలియకుండా జరిగిందనీ, తెలిశాక చెప్పే ధైర్యం లేకపోయిందనీ. "నీ లోపం కాదే అమ్మలూ. నాది. నన్ను తిట్టు."

అమ్మలు ఒక దుప్పటి తీసుకుని అంచులు కలుపుతూ అంది:

"తెలుసు మావయ్యా."

"ఏం తెలుసు?"

"మీ కాలు ఆడుతోందని. మా... మాట సాఫీగా వచ్చిన మొదటి రోజే తెలుసు. అది చూసే కదా మాట్లాడింది."

మాస్టారు తెల్లబోయారు. "మరి చెప్పలేదేం?"

"చెబుదామనే మెట్లు దిగాను. మీరు అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తున్నారు. నత్తి పోయిందక్కా అని." దుప్పటి ఇంకో మడత పెట్టింది. "ఎలా చెప్పను?"

"సరే, నాకు చెప్పలేదు. తెలిసినదానివి, ఆ గదిలో నీ కాలు నువ్వు కొట్టుకోవచ్చు కదా తల్లీ! వాళ్లెవరే నవ్వడానికి? నవ్వితే నవ్వనీ! ఒక్కసారి కొట్టి ఉంటే ఆ కౌంటరు నీదే కదే!"

ఆయన గొంతు పెద్దదైంది. వరండాలో పోయేవాళ్లు ఆగి చూశారు. అమ్మలు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మెడ నరాలు తేలాయి. నేను ఆమె కాళ్ల వంక చూశాను, కదుపుతుందేమోనని. కదపలేదు.

"అ... అద్దంలోంచి మీరు నా కాళ్లే చూస్తున్నారు కదా మావయ్యా," అంది.